చిన్నకారు ఇంజన్ మార్పిడి: ప్రణాళిక, వ్యయ అంచనా

సింగరేణి బెల్లంపల్లి ఏరియాకు కేంద్రమైన గోలేటి వంటి గని పట్టణాలలో పాతకారు ఇంజన్ అరిగినప్పుడు యజమాని మొదట విచారించేది ధర. నిజానికి ముందుగా తేలవలసినది అనుమతి.

మోటారు వాహనాల చట్టం (1988) 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వాటితో విభేదించేలా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్నే ధ్రువీకరించింది.

మారుతి 800ను ఉదాహరణగా పరిశీలించవచ్చు. దాని ఇంజన్ మూడు సిలిండర్లది, 796 సీసీ. మారుతి ఎస్టీమ్ ఇంజన్ నాలుగు సిలిండర్లది, 1298 సీసీ. ఈ పెద్ద ఇంజన్‌ను అమర్చితే మౌంటింగులు, గేరుబాక్సు, రేడియేటరు, బ్రేకుల వరకు ఖర్చు విస్తరిస్తుంది. ప్రమాదం జరిగితే బీమా పరిహారమూ వివాదంలో పడుతుంది.

అదే రకం ఇంజన్ అయితే రవాణా అధికారి అనుమతితో కొత్త ఇంజన్ నంబరును నమోదు చేయించుకోవచ్చు. అప్పుడు కూడా కార్బురేటర్ నమూనాయా, ఇంధన ఇంజెక్షన్ నమూనాయా అన్నది సరిచూడాలి. లేకుంటే వైరింగ్ మొత్తం మార్చవలసి వస్తుంది. కొనేముందు కంప్రెషన్ పరీక్ష తప్పనిసరి.

అంచనాలో ఇంజన్ ధరతోపాటు కూలి, క్లచ్ ప్లేటు, గాస్కెట్లు, ఆయిల్, రుసుములు, అనుకోని ఖర్చులకు కొంత నిల్వ చేరాలి. ఈ మొత్తాన్ని పాత ఇంజన్ రీబోరింగ్ ఖర్చుతోనూ, కారు ప్రస్తుత విలువతోనూ పోల్చిన తరువాతే నిర్ణయం తీసుకోవడం సమంజసం.