గుర్రపు పిల్లను స్వారీకి అలవాటు చేయుట

కోడెను కాడికి అలవాటు చేయునపుడు రైతు దానిని మొదటి నాడే బరువు బండికి కట్టడు. ముదురు ఎద్దుకు జత చేసి వట్టి కాడితో నడిపించును. గుర్రపు పిల్లకును ఇదే న్యాయము. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో గుర్రములను పెంచువారు దీనిని గుర్తుంచుకొనవలెను. కొట్టి లొంగదీసిన గుర్రము భయముచే మాత్రమే లొంగును. అట్టిది ఎప్పుడో ఒకప్పుడు బెదరి మనిషిని పడవేయును.

వయస్సు: శాశ్వత దంతములలో ముందటి జత రెండున్నర ఏండ్లకు, రెండవ జత మూడున్నరకు, మూడవ జత నాలుగున్నరకు వచ్చును. వెన్నుపూసలు గట్టిపడుటకు అయిదేండ్లకు పైగా పట్టును. కావున మూడేండ్లు నిండనిదే ఎక్కరాదు. ఎదిగిన గుర్రము తన బరువులో సుమారు అయిదవ వంతు మోయగలదు. అనగా 300 కిలోల గుర్రమునకు జీనుతో కలిపి 60 కిలోలు. పిల్లకు అంతకంటె తక్కువ బరువుండవలెను.

మచ్చిక: గుర్రమునకు సరిగా ముఖము ముందున్నది, తోక వెనుక నున్నది కనబడదు. కనుక మెల్లగా మాటలాడుచు భుజము వైపునుండి సమీపింపుడు. ప్రతిదినము మాలీసు చేసి, గిట్టలెత్తి చూచుచుండవలెను. ఈ పనులు రెండు ప్రక్కలను చేయవలెను. ఒక ప్రక్కనే అలవాటైనది రెండవ ప్రక్క బెదరును.

ముఖ్యసూత్రము: తాడును మెల్లగా లాగుడు. పిల్ల ఒక్క అడుగు వేసిన తక్షణమే వదలుడు. ఆ వదలుటయే దానికి బహుమానము. అడుగు వేసిన తరువాత కూడ లాగుచుండినచో అది ఎదురు తిరుగుట నేర్చుకొనును.

జీను: మొదట వీపుపై గుడ్డ, పిమ్మట జీను వేయవలెను. పొట్టపట్టీని ఒక్కసారిగా బిగింపక, నడిపించుచు కొంచెము కొంచెముగా బిగింపుడు. జీను మూపును ఒరసికొనరాదు. కళ్లెము పెట్టుటకు ముందు పశువైద్యునిచే పండ్లు చూపింపుడు. నేలపై నుండియే పొడవైన పగ్గములతో ఆగుట, మలుగుట నేర్పుడు.

ఎక్కుట: ఒకరు తలవద్ద నిలువగా, రెండవవారు వీపుపై బరువు మోపి వెంటనే దిగవలెను. పిల్ల నిమ్మళముగా నిలిచిననాడే కూర్చుండవలెను. చెవులు వెనుకకు వాల్చినను, తోక విసరినను వెనుకటి మెట్టునకు పొండు. పాఠము పదిహేను, ఇరువది నిమిషములకు మించరాదు. శిరస్త్రాణము తప్పక ధరింపుడు.

ఈ ప్రాంతమున నాగపూరు, కరీంనగరు రహదారులపై లారీల మోత, హకీంపేట విమానముల ధ్వని ఎక్కువ. మొదటి పాఠములు దూరముగా, కంచె వేసిన మెత్తని నేలపై చెప్పుడు. ఆ చప్పుళ్లకు దూరమునుండియే క్రమముగా అలవాటు చేయుడు.

ఈ పనికి నెలలు పట్టవచ్చును. తొందరలో కలిగిన భయమును పోగొట్టుటకు అంతకంటె ఎక్కువ కాలము పట్టును.