ప్రొడునోవా (వాల్ట్)

ప్రొడునోవా అనేది మహిళల జిమ్నాస్టిక్స్‌లో వాల్ట్ విభాగానికి చెందిన అత్యంత కఠినమైన విన్యాసాలలో ఒకటి. 1999లో దీనిని తొలిసారిగా విజయవంతంగా ప్రదర్శించిన రష్యా క్రీడాకారిణి యెలెనా ప్రొడునోవా పేరు మీదుగా దీనికి ఈ పేరు వచ్చింది. ఇందులో క్రీడాకారిణి పరుగెత్తి వచ్చి, వాల్ట్ బల్లపై చేతులు మోపి పైకెగసి, మోకాళ్ళు ముడుచుకొని గాలిలో ముందువైపుకు రెండు పల్టీలు కొట్టి పాదాలపై దిగవలెను. రెండవ పల్టీ పూర్తి కాకుండా దిగినచో మెడకు, వెన్నుపాముకు తీవ్రమైన గాయము కలిగే ప్రమాదము కలదు.

'''మార్కుల విధానము'''

2006లో 10 మార్కుల గరిష్ఠ పరిమితిని తొలగించి, కఠినతకు ఒక మార్కు, నిర్వహణకు 10కి గాను మరొక మార్కు ఇచ్చి కలిపే పద్ధతిని ప్రవేశపెట్టారు. 2016 రియో ఒలింపిక్స్ నాటికి ప్రొడునోవా కఠినత విలువ 7.0, క్రింద పడినచో తగ్గేది 1 మార్కు మాత్రమే. అందువలన పూర్తిగా సిద్ధపడని వారిని కూడా ఈ విధానము ప్రమాదానికి పురికొల్పుతున్నదని విమర్శలు వచ్చాయి.

త్రిపురకు చెందిన దీపా కర్మాకర్ ఈ విన్యాసంతో 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో కాంస్య పతకం సాధించింది. రియోలో 15.066 మార్కులతో 4వ స్థానంలో నిలిచి, 0.150 తేడాతో పతకాన్ని కోల్పోయింది. 2017 నియమావళిలో దీని విలువను 6.4కు తగ్గించారు.