ముద్దుపళని కావ్యం - బెంగుళూరు నాగరత్నమ్మ

మన ఎలక్ట్రానిక్ సిటీ పక్కగా వెళ్లే హోసూరు రోడ్డు తమిళనాడులోకి సాగిపోతుంది. ఆ దిక్కుగా చాలా దూరం పోతే తంజావూరు వస్తుంది. చుట్టూ తమిళం వినిపించే ఆ ఊరిలో పూర్వం నాయకరాజులు తెలుగు కావ్యాలను ఆదరించారు. వారి తరువాత వచ్చిన మరాఠా రాజులూ ఆ ఆదరణ మానలేదు. మనం కన్నడనాట ఉండి తెలుగు చదువుకుంటున్నట్లే, ముద్దుపళని తమిళనాట ఉండి తెలుగులో కావ్యం రాసింది.

ముద్దుపళని 18వ శతాబ్దపు కవయిత్రి. ప్రతాపసింహ మహారాజు (1739-1763) ఆస్థానంలో ఉండేది. సంగీత నాట్యాలు వృత్తిగా గల కుటుంబం ఆమెది. కవులు సాధారణంగా తండ్రితాతల పేర్లు చెప్పుకుంటారు కదా! ఈమె తన కావ్య పీఠికలో తంజనాయకి మొదలైన తన ఇంటి స్త్రీలను కూడా గౌరవంతో తలచుకొంది.

ఆ కావ్యం పేరు 'రాధికా సాంత్వనము'. సాంత్వనమంటే ఊరడింపు. తాను పెంచిన ఇళను శ్రీకృష్ణునికిచ్చి పెళ్లి చేసిన రాధ, ఆ తరువాత ఆయన తనను మరిచాడని కుమిలిపోతుంది. అలిగిన ఆమెను కృష్ణుడు ఊరడిస్తాడు. కథ చిన్నదే. అయితే రాధ కోపాన్నీ, దుఃఖాన్నీ, ప్రేమనూ ఒక స్త్రీయే చెప్పడం ఇందులోని కొత్తదనం.

1887లో పైడిపాటి వెంకటనరసు ఈ కావ్యాన్ని అచ్చు వేయించాడు. కాని కవయిత్రి తనను గురించి చెప్పుకున్న పీఠికనూ, కొన్ని పద్యాలనూ వదిలివేశాడు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు స్త్రీ ఇలా శృంగారం రాయడం తగదని విమర్శించారు.

దీనికి బదులు చెప్పినది బెంగుళూరు నాగరత్నమ్మ. ఆమె 1878లో నంజనగూడులో పుట్టింది. గొప్ప గాయని. కన్నడం, తెలుగు, సంస్కృతం చదువుకొంది. వ్రాతప్రతిని సంపాదించి, అచ్చు ప్రతితో పోల్చి చూసి, పోయిన పద్యాలను తిరిగి చేర్చింది. 1910లో మద్రాసులోని వావిళ్లవారు దానిని ప్రకటించారు. సిగ్గు, మర్యాద అనేవి స్త్రీలకేనా, పురుషులకు అక్కరలేదా అని ఆమె పీఠికలో సూటిగా అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు రాలేదు, నిషేధం వచ్చింది! ప్రభుత్వం పుస్తకాలను స్వాధీనం చేసుకొంది.

1946లో మద్రాసు రాష్ట్ర ప్రధాని అయిన టంగుటూరి ప్రకాశం పంతులుగారి చొరవతో ఆ నిషేధం తొలగింది. 1952లో కావ్యం మళ్లీ అచ్చయింది. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి మందిరాన్ని కట్టించి, అక్కడే స్థిరపడిన నాగరత్నమ్మ ఆ సంవత్సరమే మే నెలలో కన్నుమూసింది.