నొప్పుల వేళ తోడెవరు?

తొలి కాన్పుకు అమ్మాయిని పుట్టింటికి తీసుకువస్తారు. నెల తప్పినప్పటినుంచీ పరీక్షలు, స్కానింగులు, ఐరన్ మాత్రలు అన్నీ సక్రమంగా జరుగుతాయి. పాత చీరలు ఉతికి, మడతపెట్టి, సంచిలో సర్ది సిద్ధంగా వుంచుతారు. నొప్పులు మొదలవగానే ఆటోలోనో కారులోనో ఆస్పత్రికి చేరుస్తారు. అంతవరకూ ఆమె చుట్టూ అందరూ వుంటారు. తీరా లేబర్ రూము తలుపు దగ్గరకు వచ్చాక "మీరంతా బయట కూర్చోండి" అంటారు. తల్లి వరండాలో వుండిపోతుంది. భర్త గేటు దగ్గర తచ్చాడుతుంటాడు. లోపల ఆ అమ్మాయి పది, పన్నెండు గంటలపాటు ముక్కూమొహం తెలియనివారి మధ్య నొప్పులు పడుతుంది.

ఈ మధ్య కొందరు గర్భిణీ స్త్రీలు రెండు ప్రశ్నలు అడుగుతున్నారు. "ఇంట్లోనే కాన్పు చేయించుకోవచ్చునా?" అన్నది మొదటిది. "విదేశాల్లో డౌలా అని ఒక మనిషి పక్కన వుంటుందట, మనకు దొరుకుతుందా?" అన్నది రెండోది. ఇవి వేర్వేరు ప్రశ్నలే గాని, రెండింటి వెనుకా వున్నది ఒకే భయం. ఆ గదిలో ఒంటరిగా మిగిలిపోతామేమోనన్న భయం. అది అర్థంలేని భయం కాదు. అయితే దానికి మందు ఇంట్లో కాన్పు మాత్రం కాదు.

మంత్రసాని కాలంలో

మన అమ్మమ్మల కాలంలో కాన్పులు ఇంట్లోనే జరిగేవి. మంత్రసాని వచ్చేది. తల్లి, పిన్ని, మేనత్త, పక్కింటి పెద్దావిడ చుట్టూ చేరేవారు. ఒకరు నడుము రాసేవారు, ఒకరు ధైర్యం చెప్పేవారు, మరొకరు వేడినీళ్ళు కాచేవారు. అందులో మంచి వుంది. కాని ఆ గదిలోనే కొడవలితోనో పాత బ్లేడుతోనో బొడ్డు కోసేవారు. బొడ్డుమీద బూడిద పెట్టేవారు. ఆ బిడ్డలలో కొందరు వారం తిరగకుండానే ధనుర్వాతంతో పోయేవారు. మాయ పడక, రక్తస్రావం ఆగక తల్లులు చనిపోయేవారు. ఆ తల్లులను "పురిటిలో పోయింది" అనేవారు, అంతకుమించి కారణం తెలిసేది కాదు.

నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం ప్రవహిస్తుంది. బిడ్డ పుట్టాక గర్భసంచి గట్టిగా ముడుచుకోకపోతే ఆ రక్తమంతా బయటికి పోతుంది. అప్పుడు వ్యవధి గంటల్లో కాదు, నిమిషాల్లో వుంటుంది. ఆస్పత్రిలో బిడ్డ పుట్టిన వెంటనే ఆక్సిటోసిన్ ఇంజక్షను ఇస్తారు. అవసరమైతే రక్తం ఎక్కిస్తారు. ఇంట్లో ఆ రెండూ వుండవు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో 96కు పైగా ఆస్పత్రుల్లోనే జరిగాయి. 1997-98లో మన దేశంలో లక్ష కాన్పులకు దాదాపు 400 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి ఆ సంఖ్య 97కు తగ్గింది. తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. ఈ తగ్గుదలకు కారణాలు చాలా వున్నా, ఆస్పత్రి కాన్పు అందులో ముఖ్యమైనది. అయితే బూడిదను, కొడవలిని బయట వదిలినప్పుడు నడుము రాసే చేతిని కూడా బయటే వదిలేశాం. పొరపాటు అక్కడ జరిగింది.

తోడు వుంటే ఏమవుతుంది?

తోడు మనసుకు ఊరట మాత్రమే అనుకుంటారు చాలామంది. అది శరీరం మీద కూడా పనిచేస్తుంది. 1980లో మధ్య అమెరికాలోని గ్వాటెమాలా దేశంలో డాక్టర్ కెన్నెల్, డాక్టర్ క్లాస్, వారి సహచరులు ఒక పరిశీలన ప్రచురించారు. కొందరు తొలిచూలు స్త్రీలను మామూలుగా ఒంటరిగా వుంచారు. మరికొందరి పక్కన ఒక స్త్రీని కూర్చోబెట్టారు. ఆమె నర్సు కాదు, చుట్టమూ కాదు. చేయి పట్టుకోవటం, వీపు నిమరటం, మాట్లాడటం, అంతే ఆమె పని. ఏ ఇబ్బందీ లేకుండా కాన్పు జరిగినవారిని పోల్చి చూస్తే, ఒంటరిగా వున్నవారికి ఆస్పత్రిలో చేరినప్పటినుంచి సగటున 19 గంటలు పట్టింది. తోడున్నవారికి 9 గంటలలోపే అయిపోయింది.

అది చిన్న పరిశీలన. తరువాత ఎన్నో దేశాలలో ఇదే విషయాన్ని పరీక్షించారు. 17 దేశాలలో 15,000 మందికి పైగా స్త్రీల మీద జరిగిన పరిశోధనలన్నిటినీ 2017లో ఒకచోట చేర్చి చూశారు. నొప్పుల సమయమంతా తోడు వున్న స్త్రీలకు మామూలు కాన్పులు ఎక్కువగా అయ్యాయి. సిజేరియన్లు తగ్గాయి. నొప్పుల వ్యవధి కొంత తగ్గింది. నొప్పి తెలియకుండా ఇచ్చే మందుల అవసరం తగ్గింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రతి స్త్రీకీ ఆమె కోరుకున్న తోడు వుండాలని సిఫారసు చేసింది.

దీనికి కారణం వుంది. గర్భసంచి ముడుచుకోవటానికి ఆక్సిటోసిన్ అనే హార్మోను కావాలి. భయపడినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. అది నొప్పుల జోరును తగ్గించగలదు. నొప్పులు మందగిస్తే కాన్పు ఆలస్యమవుతుంది. ఆలస్యమైనకొద్దీ భయం పెరుగుతుంది. పక్కన తెలిసిన మనిషి వుంటే ఈ చక్రం తెగుతుంది.

డౌలా ఎవరు, మిడ్‌వైఫ్ ఎవరు?

డౌలా అన్నది గ్రీకు మాట. సేవచేసే స్త్రీ అని అర్థం. 1970లలో డానా రాఫెల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఈ మాటను వాడుకలోకి తెచ్చారు. డౌలా వైద్యం చేయదు. పరీక్ష చేయదు, మందులు ఇవ్వదు, బిడ్డను బయటికి తీయదు. పక్కన వుంటుంది. మన పెద్ద నగరాలలో డబ్బు తీసుకుని ఈ పని చేసేవారు వున్నారు. వారికి ఇచ్చుకోలేనివారు చిన్నబుచ్చుకోనక్కరలేదు. మీ ఇంట్లో నిదానమైన ఒక పిన్ని వుంటే ఆవిడే డౌలా.

మిడ్‌వైఫ్ వేరు. ఆమె చదువుకున్న నర్సు. మామూలు కాన్పును మొదటినుంచి చివరిదాకా తన బాధ్యత మీద జరిపించగలదు. తేడా వస్తే వెంటనే డాక్టరును పిలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఫౌండేషన్ సహకారంతో 2017లో నర్సులకు ఇటువంటి శిక్షణ మొదలుపెట్టింది. 2018లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. అనుభవమున్న నర్సుకు మరో 18 నెలల శిక్షణ ఇస్తారు. మీ దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రిలో మిడ్‌వైఫ్ వున్నదేమో ఆశా కార్యకర్తనో ఏ.ఎన్.ఎం.నో అడగండి. పాత మంత్రసానికీ ఈ మిడ్‌వైఫ్‌కూ పోలిక లేదు.

మరి ఇంట్లో కాన్పు?

ఇంగ్లండులో ఇంటి కాన్పులు జరుగుతాయి గదా అంటారు. జరుగుతాయి. అక్కడ ఏ జబ్బూ లేని స్త్రీని ఎంచుకుంటారు. ప్రభుత్వమే శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లను ఇంటికి పంపుతుంది. ఆస్పత్రితో సంబంధం ముందే ఏర్పడి వుంటుంది. అంత ఏర్పాటు వున్నా, 2011లో వెలువడిన పెద్ద పరిశీలనలో ఇంట్లో కనాలనుకున్న తొలిచూలు స్త్రీలలో నూటికి 45 మందిని ఆస్పత్రికి తరలించవలసి వచ్చింది. వారి బిడ్డలలో తీవ్రమైన ఇబ్బందులు వెయ్యికి 9గా కనిపించాయి. ఆస్పత్రిలో కనాలనుకున్నవారిలో అవి వెయ్యికి 5. అంతకుముందు కాన్పులైన స్త్రీలలో మాత్రం ఆ తేడా కనిపించలేదు.

ఆ ఏర్పాట్లేవీ మన దగ్గర లేవు. 2018లో తమిళనాడులోని తిరుప్పూరులో ఫోనులో వీడియోలు చూసి ఇంట్లో కాన్పుకు ప్రయత్నించగా, ఒక తల్లి రక్తస్రావంతో చనిపోయింది. అందువల్ల ఇంటి కాన్పు పెట్టుకోవద్దని స్పష్టంగా చెబుతున్నాను. తొలి కాన్పు, రక్తపోటు, మధుమేహం, రక్తహీనత, కవలలు, బిడ్డ అడ్డం తిరగటం, లోగడ సిజేరియన్ అయివుండటం, వీటిలో ఏ ఒక్కటి వున్నా ఆ ఆలోచనే రాకూడదు.

ఒకవేళ బండి వచ్చేలోపే కాన్పయిపోతే కంగారు పడకండి. 108కి ఫోను చేయండి. బిడ్డను పొడిబట్టతో తుడిచి, తల్లి గుండెలమీద పడుకోబెట్టి, ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పండి. బొడ్డుతాడును లాగవద్దు. దొరికిన బ్లేడుతో కోయవద్దు. దానిమీద ఏమీ పెట్టవద్దు. బిడ్డకు తల్లిపాలు పట్టించండి.

తోడుగా ఎవరు వెళ్ళాలి?

ప్రభుత్వ ఆస్పత్రులలో లేబర్ రూములోకి ఒక తోడును అనుమతించాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే చెప్పింది. ఆమె స్త్రీ అయివుండాలి, తాను బిడ్డను కన్న అనుభవం వుండాలి, అంటువ్యాధులు వుండకూడదు, శుభ్రమైన బట్టలు కట్టుకోవాలి, నర్సుల పనికి అడ్డురాకూడదు, పక్క మంచాలమీది స్త్రీల జోలికి వెళ్ళకూడదు. తెరలు, మరుగు సరిగా వున్నచోట భర్తను కూడా అనుమతించవచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు, అందుకే అడగరు.

ఎవరు వెళ్ళాలన్నది నొప్పులు పడే స్త్రీ నిర్ణయించాలి. అత్తగారా, అమ్మా అన్నది పరువు ప్రతిష్ఠల విషయం కాకూడదు. కొందరు తల్లులు కూతురి బాధ చూడలేక తామే ముందు ఏడుస్తారు. అటువంటప్పుడు వదినో పిన్నో నయం. నిదానం వున్న మనిషి కావాలి.

తోడు చేయవలసిన పనులు కష్టమైనవేమీ కావు. నర్సును అడిగి మంచినీళ్ళు, మజ్జిగ కొద్దికొద్దిగా తాగించాలి. వీలున్నంతవరకు నడిపించాలి. రెండుగంటలకొకసారి మూత్రానికి పంపాలి. నొప్పి వచ్చినప్పుడు నడుము అదిమి రాయాలి. నొప్పి తగ్గాక నెమ్మదిగా ఊపిరి పీల్చి వదలమని చెప్పాలి. "ఇంకొకటి గడిచిందమ్మా" అనటం చాలు. బిడ్డ పుట్టాక గంటలోపే పాలు పట్టించేలా చూడాలి.

చేయకూడనివి కూడా వున్నాయి. నర్సు చెప్పకముందే ముక్కమని తొందరపెట్టకూడదు. పొట్టమీద నొక్కకూడదు. తమ కాన్పుల కష్టాలు ఏకరువు పెట్టకూడదు. "త్వరగా అయిపోయే ఇంజక్షను ఇవ్వండి" అని వెంటపడకూడదు. అధిక రక్తస్రావం, కళ్ళు తిరగటం, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారటం, ఫిట్స్, బిడ్డ కదలిక తగ్గటం, వీటిలో ఏది కనిపించినా ఆ క్షణమే నర్సుకు చెప్పాలి.

ఆపరేషను సంగతి

అదే సర్వేలో తెలంగాణలో నూటికి దాదాపు 61, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు సిజేరియన్ ద్వారా జరిగాయి. దేశం మొత్తం మీద 21.5. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రులలో నూటికి 80 దాటింది. అవసరమైనప్పుడు సిజేరియన్ ప్రాణం కాపాడుతుంది, తప్పులేదు. కాని ముహూర్తం కోసం చేయించేవి, భయంతో అడిగి చేయించుకునేవి కూడా తక్కువేమీ కాదు. "ఆ అరుపులు వినలేకపోతున్నాం, కోసి తీసేయండి డాక్టరుగారూ" అని వరండాలోనుంచి వచ్చిన మాటలు నా సర్వీసులో ఎన్నోసార్లు విన్నాను. తలుపు అవతల వున్నవారికి అరుపే వినబడుతుంది. పక్కనే వున్న మనిషికి కాన్పు ముందుకు సాగుతున్న సంగతి కూడా తెలుస్తుంది. తోడు వుంటే ఆపరేషను తప్పుతుందని హామీ ఇవ్వలేం. అనవసరమైన భయం మాత్రం తగ్గుతుంది.

కాబట్టి ఏడో నెల పరీక్షకు వెళ్ళినప్పుడే డాక్టరును ఒక ప్రశ్న అడగండి: "నొప్పుల సమయంలో మా అమ్మాయి పక్కన ఒకరు వుండవచ్చునా?" ప్రైవేటు ఆస్పత్రి అయితే ఆ జవాబును బట్టి ఆస్పత్రిని ఎంచుకోండి. ప్రభుత్వ ఆస్పత్రిలో వద్దంటే సూపరింటెండెంటుగారిని కలిసి 2016 నాటి సూచన సంగతి మర్యాదగా గుర్తుచేయండి. ఎవరు తోడు వెళ్ళేదీ అమ్మాయినే అడిగి అప్పుడే నిర్ణయించుకోండి. కాన్పు సంచి సర్దేటప్పుడు బిడ్డ బట్టలతోపాటు తోడు వెళ్ళే మనిషికి కూడా ఒక ఉతికిన చీర పెట్టండి.