అచ్చుకు చోటెక్కడ?

కాగితం మీద ‘క’ అని రాయండి. పలికితే అందులో క్ అనే హల్లు, అ అనే అచ్చు రెండూ వినిపిస్తాయి. కంటికి మాత్రం ఒకటే అక్షరం. ఇంగ్లీషులో రాస్తే రెండు అక్షరాలు పక్కపక్కన నిలబడతాయి. అరబ్బీలో అయితే మామూలుగా హల్లు ఒక్కటే రాసి ఊరుకుంటారు, అచ్చును చదివేవాడే తెచ్చుకోవాలి. ఒకే ధ్వనికి మూడు ఏర్పాట్లు. లిపుల చరిత్రను రాజుల వెంట నడిచి చెప్పవచ్చు, రాయీ మట్టీ తాటాకుల వెంట నడిచి చెప్పవచ్చు. అచ్చుకు ఎవరు ఎక్కడ చోటిచ్చారని అడుగుతూ పోతే దారి ఇంకా తేటగా కనిపిస్తుందని నాకనిపిస్తుంది.

రాత మొదలైంది మాటల కోసం కాదు, లెక్కల కోసం. ఇప్పటి ఇరాక్‌లోని ఉరుక్ నగరంలో సుమారు 5,200 ఏళ్ల కిందట పచ్చి మట్టి పలకల మీద ఎన్ని గొర్రెలు, ఎంత బార్లీ అని గుర్తులు గీసుకున్నారు. అక్కడ అచ్చు హల్లుల గొడవే లేదు. గొర్రెకో గుర్తు, బార్లీకో గుర్తు, అంకెలు, అంతే. తర్వాత ఆ గుర్తులనే ఒత్తిడి గీతలుగా మార్చి, కొన్నింటిని మాటలకీ కొన్నింటిని బ, బు లాంటి ధ్వనులకీ వాడుతూ క్యూనిఫాం లిపిగా పెంచారు. నేర్చుకోవాల్సిన గుర్తులు వందల్లో ఉండేవి. దాన్ని నేర్వడమే ఒక వృత్తి.

ఈజిప్టు సంగతి ఇంకా విచిత్రం. అక్కడి బొమ్మల లిపిలో ఒక్కొక్క హల్లుకు ఒక్కొక్క గుర్తు చొప్పున సుమారు 24 గుర్తులు మొదటి నుంచీ ఉన్నాయి. అవి చాలు, భాషంతా రాసుకోవచ్చు. అయినా ఈజిప్టు లేఖకులు మిగతా వందల గుర్తులను మూడు వేల ఏళ్లు వదల్లేదు. వదలాల్సిన అవసరం వాళ్లకు ఏముంది? అన్ని గుర్తులు తెలియడమే వాళ్ల జీవనాధారం, వాళ్ల గౌరవం. లిపిని తేలిక చేయడం దాని మీద బతికేవాడి పని కాదు. ఆ పని బయటివాళ్లు చేశారు.

సినాయ్ ఎడారిలో సెరాబిత్ ఎల్ ఖాదిమ్ అనే కొండ ప్రాంతం ఉంది. ఈజిప్టు రాజులు అక్కడ ఫిరోజా (టర్కాయిస్) రాయి తవ్వించేవారు. తవ్వే పనిలో కనాను దేశం నుంచి, అంటే ఇప్పటి ఇజ్రాయెల్, పాలస్తీనా, లెబనాన్ వైపు నుంచి వచ్చిన మనుషులూ ఉండేవారు. గనుల పక్కనే హాథోర్ దేవత గుడి. 1905లో ఫ్లిండర్స్ పెట్రీ అక్కడ తవ్వకాలు జరిపితే ఈజిప్టు శాసనాల మధ్య మరో రకం గీతలు బయటపడ్డాయి. బొమ్మలు ఈజిప్టువే, కానీ ఈజిప్టు పద్ధతిలో చదివితే అర్థం రాదు. గుర్తుల రకాలు ముప్పైకి మించవు. ఇంత తక్కువ ఉన్నాయంటే ఇది అక్షరమాలే అయ్యుండాలి.

1916లో అలన్ గార్డినర్ ముడి విప్పాడు. ఒక చిన్న ఇసుకరాతి స్ఫింక్స్ బొమ్మ మీద, ఇంకా కొన్ని రాళ్ల మీద నాలుగు గుర్తులు అదే వరసలో మళ్లీ మళ్లీ వస్తున్నాయి: ఇల్లు, కన్ను, ముల్లుకర్ర, కూడిక గుర్తు లాంటి గీత. కనాను భాషలో ఆ వస్తువుల పేర్లు తీసుకుని ఒక్కోదాని మొదటి ధ్వనిని మాత్రమే చదివితే ‘బాలత్’ అన్న మాట వచ్చింది. అంటే అమ్మవారు, దేవేరి అని అర్థం. ఆ గుడిలో ఉన్న దేవతకు సరిపోయే మాట.

కిటుకు ఇది. మన పిల్లల పుస్తకంలో ఆవు బొమ్మ వేసి ‘ఆ’ నేర్పినట్టు, వాళ్లు ఎద్దు తల గీసి ‘ఆల్ప్’ అన్న మాటలోని మొదటి ధ్వనికి గుర్తుగా పెట్టుకున్నారు. ఇల్లు ‘బేత్’ కాబట్టి బ్. నీటి అల ‘మేమ్’ కాబట్టి మ్. ఆ ఎద్దు తలే తిరగబడి ఇంగ్లీషు ‘ఏ’ అయింది. ఆ నీటి అలే ‘ఎమ్’. కన్ను బొమ్మ గుండ్రటి ‘ఓ’. ఇది క్రీ.పూ. 1800 ప్రాంతంలో జరిగిందని స్థూలంగా చెబుతారు, వంద రెండొందల ఏళ్లు అటూ ఇటూ వాదాలున్నాయి. చదువురాని గని పనివాళ్లే దీన్ని పుట్టించారని ఓర్లీ గోల్డ్‌వాసర్ వాదన. లేఖకుల సావాసం లేనిదే సాధ్యం కాదని ఇతరులంటారు. ఎవరు గీసినా పెద్ద పెద్ద విషయాలకే దాచిపెట్టలేదు. ఇజ్రాయెల్‌లోని లాకిష్‌లో దొరికిన చిన్న దంతపు దువ్వెన మీద ఈ తొలి లిపిలో 17 అక్షరాలు ఉన్నట్టు 2022లో తేలింది. తలలోనూ గడ్డంలోనూ ఉన్న పేలను ఈ దువ్వెన ఊడబెరకాలని దాని సారాంశం.

అచ్చులు ఏవి మరి? లేవు. ఉండే వీలూ లేదు. ఆ సెమిటిక్ భాషల్లో ప్రతి మాటా హల్లుతోనే మొదలవుతుంది. ‘ఆల్ప్’ మనకు అచ్చుతో మొదలైనట్టు వినిపిస్తుంది కానీ వాళ్లకు ముందు గొంతు ఒక్క క్షణం బిగబట్టి వదిలే హల్లు ఉంది. మాటలో మొదటి ధ్వనిని పట్టుకోవడమే పద్ధతి అయినప్పుడు అచ్చు ఎప్పటికీ చేతికి చిక్కదు. పైగా ఆ లోటు వాళ్లను పెద్దగా బాధించలేదు. సెమిటిక్ భాషల్లో మాట ప్రాణం హల్లుల్లో ఉంటుంది. అరబ్బీలో క్, త్, బ్ అనే మూడింటితో రాతకు సంబంధించిన మాటలన్నీ పుడతాయి: కితాబ్ పుస్తకం, కాతిబ్ రాసేవాడు, మక్తబ్ బడి. హల్లులు కనిపిస్తే చాలు, చుట్టూ ఉన్న వాక్యం అచ్చులను చెప్పేస్తుంది. హైదరాబాద్‌లో ఉర్దూ పత్రిక చదివేవాళ్లు ఇప్పటికీ చేసేది ఇంచుమించు ఇదే. ఉర్దూ సెమిటిక్ భాష కాకపోయినా, హ్రస్వాచ్చులు రాయని వాక్యం వాళ్లకు పెద్దగా తడబాటు కలిగించదు. భాష వచ్చినవాడికే ఆ లిపి.

ఈ అక్షరమాలనే ఫినీషియా వ్యాపారులు 22 హల్లులుగా స్థిరపరిచి మధ్యధరా తీరమంతా తిప్పారు. గ్రీకులు దాన్ని క్రీ.పూ. 8వ శతాబ్దం నాటికి అందుకున్నారు. గ్రీకు భాషకు గొంతు బిగబట్టే హల్లులు లేవు. ఫినీషియా గురువు ‘ఆలెఫ్’ అంటే గ్రీకు చెవికి ముందున్న హల్లు వినబడక ‘ఆ’ మాత్రమే వినబడి ఉంటుంది. ‘ఐన్’ ఓ అయింది, ‘హే’ ఏ అయింది, ‘యోద్’ ఇ అయింది. ఇలా పనికిరాని హల్లుల గుర్తులు అచ్చులకు దక్కాయి. దీన్ని మానవ మేధ సాధించిన మహా విజయంగా పాశ్చాత్య పుస్తకాలు చాలా కాలం పొగిడాయి. నిజానికి సగం తెలివి, సగం చెవి చేసిన పని అనుకోవడం మేలు. ఏమైనా అచ్చుకు హల్లుతో సమానంగా వరసలో చోటు దొరికింది మాత్రం అప్పుడే. తొలి గ్రీకులు ఒక వరస కుడి నుంచి ఎడమకు, తర్వాతి వరస ఎడమ నుంచి కుడికి, ఎద్దులు దున్నినట్టు రాసేవారు. ఎడమ నుంచి కుడికి అన్న క్రమం తర్వాత కుదిరింది.

ఈ నాగలి చాలు రాత మన దగ్గరా ఉంది. కర్నూలు జిల్లాలో, గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనాలున్నాయి. అందులో ఒక శాసనంలో కొన్ని వరసలు ఎడమ నుంచి, కొన్ని కుడి నుంచి సాగుతాయి. కర్ణాటకలోని బ్రహ్మగిరిలో శాసనం రాసిన చపడుడు లేఖకుణ్ణని చెప్పుకునే మాటను ఖరోష్ఠీ లిపిలో సంతకంలా పెట్టాడు. ఖరోష్ఠీ కుడి నుంచి ఎడమకు నడిచే వాయవ్య సరిహద్దు లిపి. అది పర్షియా సామ్రాజ్యపు అరమాయిక్ లిపి నుంచి వచ్చిందన్న దానిపై పెద్దగా తగాదా లేదు. మన తెలుగు లిపికి మూలమైన బ్రాహ్మి మీదే తగాదా. పండితుడు బ్యూలర్ అదీ సెమిటిక్ నుంచే వచ్చిందన్నాడు. ఇక్కడే పుట్టిందని కన్నింగ్‌హామ్ లాంటివాళ్లన్నారు. సింధు లిపిని ఎవరూ చదవలేకపోయారు కాబట్టి దాన్ని ఈ తగాదాలోకి సాక్షిగా పిలవలేం.

గుర్తుల ఆకారాలు ఎక్కడి నుంచి వచ్చినా అచ్చుకు చోటిచ్చిన పద్ధతి మాత్రం ఈ నేల తెలివి. శబ్దాన్ని నోట్లో పుట్టేచోటును బట్టి క చ ట త ప అని వరస పెట్టినవాళ్లు అచ్చును మరిచిపోతారా? మరిచిపోలేదు, అలాగని వరసలో సమానంగానూ నిలబెట్టలేదు. హల్లుకు తగిలించారు. అశోకుడి ‘క’ అచ్చం కూడిక గుర్తులా ఉంటుంది. దానికి ఏ గీతా పెట్టకపోతే క. పైన కుడివైపు చిన్న గీత పెడితే కా. కింద గీత పెడితే కు. అన్నింటికన్నా ఎక్కువగా వచ్చే అచ్చు ‘అ’ కాబట్టి దానికి ఖర్చు లేకుండా చేశారు. రాతిమీద ఉలితో చెక్కేవాడికి ఇది ఎంత శ్రమ తగ్గిస్తుందో ఊహించండి.

ఈ ఏర్పాటు ప్రాకృతానికి చక్కగా అమరింది. ప్రాకృతంలో మాట హల్లుతో ముగియదు, సంయుక్తాక్షరాలూ తక్కువ. ఉట్టి హల్లును రాయాల్సిన అవసరమే రాదు. ధమ్మ అన్న మాటను కూడా అశోకుడి లేఖకులు సున్నతో, ఒకే మకారంతో రాసి వదిలేశారు. అదే లిపి సంస్కృతానికో తమిళానికో వెళ్లేసరికి చిక్కు వచ్చింది. వాక్, తత్ అని హల్లుతో ముగిసే మాటలను, కల్, మణ్ లాంటి తమిళ మాటలను ఎలా రాయాలి? హల్లులో దాగి ఉన్న అకారాన్ని ఎలా తీసేయాలి? తమిళులు అక్షరం మీద పుళ్ళి అనే చుక్క పెట్టారు. సంస్కృతం రాసేవాళ్లు హల్లులను ఒకదాని కింద ఒకటి పేర్చారు, చివరి హల్లుకు గుర్తు తగిలించారు. మన ఒత్తులు, పొల్లు ఆ దారినే వచ్చాయి.

ఇక్కడే భట్టిప్రోలు కథ ఆసక్తికరం. ఇప్పటి బాపట్ల జిల్లాలోని ఆ ఊరి బౌద్ధ స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే తవ్వకాలు జరిపితే ధాతువులు దాచిన రాతి పేటికలు దొరికాయి. వాటి మీద ప్రాకృత శాసనాలు, వాటిలో కుబిరకుడనే రాజు పేరు ఉన్నాయి. లిపి బ్రాహ్మికి చుట్టమే గానీ కొన్ని అక్షరాలు వేరు. మకారం తలకిందులుగా ఉంటుంది. అసలు విశేషం అకారంలో ఉంది. మిగతా చోట్ల దీర్ఘానికి వాడే గీతను ఇక్కడ హ్రస్వమైన ‘అ’కు వాడారు. దీర్ఘానికి దాన్నే ఇంకొంచెం మార్చారు. అంటే గుర్తేదీ లేని అక్షరం ఉట్టి హల్లు. కూడిక గుర్తు ఒక్కటే ఉంటే క్, దానికి గీత తగిలితే క. దాగుడుమూతలు లేవు, ప్రతి అచ్చుకూ కనిపించే గుర్తు ఉంది. తర్కానికి ఇదే శుభ్రమైన పద్ధతి. తొలి తమిళ శాసనాల్లోనూ దీనికి దగ్గరి పద్ధతి ఉందని ఐరావతం మహదేవన్ చూపించారు. హల్లుతో ముగిసే మాటలున్న భాషల వాళ్లు బ్రాహ్మిని తమకు తగ్గట్టు సవరించుకునే ప్రయత్నంలో ఇవి పుట్టి ఉంటాయన్నది నమ్మదగిన ఊహ.

ఆ పద్ధతి నిలవలేదు. దేశమంతా వాడుకలో ఉన్న ఏర్పాటు ముందు ఒక ప్రాంతపు సవరణ నిలవడం కష్టం. అమరావతి, నాగార్జునకొండ శాసనాల నాటికి అకారం మళ్లీ హల్లులోకి దూరిపోయింది. 575 ప్రాంతంలో కడప జిల్లా కలమళ్లలో రేనాటి చోళ రాజు తెలుగులో శాసనం వేయించేనాటికి లిపి ఆ దారిలోనే స్థిరపడి ఉంది. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి మనకు ఆ ఏర్పాటుతో ఇబ్బందీ లేదు.

అయితే తమాషా ఒకటి జరిగింది. బ్రాహ్మి అక్షరాల నిలువు గీత పైకొన మీద లేఖకులు వేసే చిన్న మొన వందల ఏళ్లలో పెరిగి తెలుగులో తలకట్టుగా, కన్నడంలో అడ్డగీతగా మారింది. అది అలంకారం నుంచి వచ్చింది, అచ్చు నుంచి కాదు. భట్టిప్రోలు గీతకూ దానికీ చుట్టరికం లేదు. కానీ మన బడిలో గుణింతం ఎలా చెబుతారు? క్ కు తలకట్టు ఇస్తే క, గుడి ఇస్తే కి. గుడి వచ్చినా పొల్లు వచ్చినా తలకట్టు లేచిపోతుంది కూడా. అకారానికి గుర్తు ఉన్నట్టే మన కన్ను చదువుతోంది. ఖ, జ, ట, ణ, బ, ల లాంటివి తలకట్టు లేకుండానే అకారాన్ని పలుకుతాయి కాబట్టి ఆ సూత్రం పూర్తిగా పొసగదు. అయినా బడిపిల్లవాడి గుణింతం అశోకుడి కన్నా భట్టిప్రోలుకే దగ్గరగా ఉందని నేనంటాను.

హల్లుకు అచ్చును తగిలించే పద్ధతి మన ఒక్కరిదే కాదు. 4వ శతాబ్దంలో ఇథియోపియావాళ్లు తమ గీజ్ లిపిలో ఒక్కో హల్లుకు ఏడు రూపాలు చేసుకున్నారు. అది వాళ్ల గుణింతం. ఇలాంటి లిపులకు 1990లో పీటర్ డేనియల్స్ అబుగిడా అని పేరు పెట్టాడు. అంతకుముందు 1952లో లిపుల మీద గెల్బ్ రాసిన పుస్తకం ప్రభావంతో, లిపులన్నీ బొమ్మల నుంచి మొదలై గ్రీకు తరహా అక్షరమాల అనే చివరి మెట్టు వైపు ఎక్కుతాయన్న నమ్మకం ఉండేది. మన లిపి దారి మధ్యలో ఆగినట్టు ఆ లెక్కలో తేలుతుంది. ఆ లెక్క తప్పు. అరబ్బీ తన భాషకు తగినట్టు, గ్రీకు తన చెవికి తగినట్టు, బ్రాహ్మి ప్రాకృతానికి తగినట్టు అమరాయి. ఇవి మెట్లు కావు.

మన ఏర్పాటులో చిక్కులు లేవని కాదు. ‘శక్తి’ అని రాసి చూడండి. ఇకారం వినిపించేది త తర్వాత. గుడి మాత్రం క నెత్తిన ఉంటుంది. చేత్తో రాసేవాడికి ఇది అలవాటు. యంత్రానికి కాదు. 1991లో వచ్చిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. కంప్యూటర్ ఈ మాటను పలికే వరసలోనే దాచుకుంటుంది: శ, క, పొల్లు, త, గుడి. తెరమీద గుడిని వెనక్కి జరిపి, త ను ఒత్తుగా కిందికి దించే పని ఫాంటుదీ, అక్షరాలను కూర్చే ప్రోగ్రాముదీ. ఒక్కో అక్షరం పక్కపక్కన నిలబడే లిపికి అలవాటుపడిన సాఫ్ట్‌వేర్ ఇక్కడ తడబడుతుంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న అక్షరం, మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తుతో కలిసి సందేశంగా వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు మూతపడిపోయాయి. ఆపిల్ అదే నెలలో 11.2.6 వెర్షన్ విడుదల చేసి దాన్ని సరిచేసింది.