మీకు తెలుసా? గాయపడ్డ సైనికుల కోసం గీసిన చేతులు

రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికన్ కార్టూనిస్టులు కొందరు పైసా తీసుకోకుండా సైనిక స్థావరాలూ ఆస్పత్రులూ తిరిగేవారు. పెద్ద కాగితం మీద చకచకా గీస్తూ, మధ్యలో జోకులు వేస్తూ సైనికులను నవ్వించేవారు. 1943లో మొదలైన ఆ ప్రయాణాల్లో కుదిరిన స్నేహమే 1946లో నేషనల్ కార్టూనిస్ట్స్ సొసైటీగా మారింది. తొలి అధ్యక్షుడు రూబ్ గోల్డ్‌బర్గ్. పెన్సిల్ చెక్కాలన్నా గాలిపటం ఎగరేయడంతో మొదలుపెట్టే విడ్డూరపు యంత్రాల కార్టూన్లు ఆయనవే! ఇంత ఉదారంగా పుట్టిన సంఘం ఆడవాళ్లకు మాత్రం 1950 దాకా తలుపు తీయలేదు. హిల్డా టెర్రీ పట్టుబట్టాకే తీసింది.

అదే యుద్ధకాలంలో కార్టూనిస్ట్ మిల్టన్ కానిఫ్‌ది మరో దారి. సైనిక పత్రికల కోసమే ‘మేల్ కాల్’ అనే కామిక్ స్ట్రిప్‌ను వారం వారం ఉచితంగా గీసిచ్చాడు.

ఇరాక్ యుద్ధం నాటికి కార్టూనిస్టులకూ సైనికులకూ మధ్య ఉన్న ఈ బంధం కథల్లోకే వచ్చేసింది. 2004లో కార్టూనిస్ట్ గ్యారీ ట్రూడో తన ‘డూన్స్‌బరీ’ కామిక్ స్ట్రిప్‌లో బీ.డీ. అనే పాత్ర ఇరాక్‌లో కాలు పోగొట్టుకున్నట్టు చూపాడు. మూడు దశాబ్దాలుగా హెల్మెట్ తీయని బీ.డీ. తల పాఠకులకు కనిపించింది అప్పుడే. ఆ తర్వాత ట్రూడో వాల్టర్ రీడ్ సైనిక ఆస్పత్రికి వెళ్లి, అవయవాలు కోల్పోయినవాళ్లతో మాట్లాడి కథ సాగించాడు. ఆ కథ పుస్తకంగా వచ్చినప్పుడు దాని రాబడి ఫిషర్ హౌస్‌కు ఇచ్చాడు. చికిత్సలో ఉన్న సైనికుల కుటుంబాలకు ఉచితంగా బస కల్పించే సంస్థ అది.