ప్రశ్నావళి పూర్వపరీక్ష

సామాజిక సర్వేలో వాడబోయే ప్రశ్నలను ముందుగా కొద్దిమందిని అడిగి చూసి, వాటిలోని లోపాలను కనుగొని సరిదిద్దే ప్రక్రియను ప్రశ్నావళి పూర్వపరీక్ష అంటారు. దీనిని ప్రీటెస్టు అని కూడా వ్యవహరిస్తారు. ఎంతమందిని అడగాలి అన్న విషయానికి గణాంకశాస్త్రంలో సూత్రాలున్నాయి. ఏ మాటలతో అడగాలి అన్నదానికి అటువంటి సూత్రం లేదు కనుక అడిగి చూడడమే మార్గం. నమూనా పరిమాణం ఎంత పెంచినా ప్రశ్నలోని దోషం తగ్గదు. వెయ్యిమంది అపార్థం చేసుకున్న ప్రశ్నను లక్షమందిని అడిగితే, అదే తప్పు మరింత కచ్చితమైన అంకెగా బయటికి వస్తుంది.

ఒక ప్రసిద్ధ ఉదాహరణ

1992లో అమెరికన్ జ్యూయిష్ కమిటీ కోసం రోపర్ సంస్థ అమెరికాలో ఒక అభిప్రాయ సేకరణ జరిపింది. నాజీలు యూదులను నిర్మూలించిన ఘటన అసలు ఎన్నడూ జరగలేదన్నది సాధ్యమనిపిస్తుందా, అసాధ్యమనిపిస్తుందా అని అందులో అడిగారు. 22 శాతం మంది సాధ్యమే అన్నారు. మరో 12 శాతం మంది ఏమీ తేల్చి చెప్పలేదు. 1993లో ఈ ఫలితాలు వెలువడినపుడు తీవ్రమైన కలవరం రేగింది. అయితే ఆ ప్రశ్నను నిదానంగా చదివితే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. మారణకాండ జరిగిందని నమ్మే వ్యక్తి "అది జరగకపోవడం అసాధ్యం" అని రెండు వ్యతిరేకార్థాలను దాటి జవాబు చెప్పాలి. 1994లో ప్రశ్నను మార్చి, అది జరగలేదన్నది సాధ్యమనిపిస్తుందా లేక జరిగిందని నిశ్చయంగా భావిస్తున్నారా అని అడిగారు. ఈసారి సాధ్యమే అన్నవారు 1 శాతం మాత్రమే. నిశ్చయంగా జరిగిందన్నవారు 91 శాతం. మొదటి ప్రశ్నను పదిమందిని అడిగి, తమ జవాబుకు అర్థమేమిటో వారి చేతనే చెప్పించి ఉంటే చిక్కు బయటపడేదని భావించవచ్చు.

చరిత్ర

పదాల తేడా ఫలితాన్ని మారుస్తుందన్న సంగతి అంతకు చాలా ముందే తెలుసు. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా ఉపన్యాసాలిచ్చేవారిని "అనుమతించాలా" అని కొందరినీ, "నిషేధించాలా" అని మరికొందరినీ అడిగిన ప్రయోగ ఫలితాలను డొనాల్డ్ రగ్ 1941లో ప్రకటించాడు. అనుమతించకూడదన్నవారు 62 శాతం కాగా, నిషేధించాలన్నవారు 46 శాతమే. తర్కం ప్రకారం రెండూ ఒకటే. కాని నిషేధం అన్న మాట కఠినంగా వినిపిస్తుంది. 1951లో స్టాన్లీ పేన్ ప్రశ్నలడిగే విధానంపై రాసిన పుస్తకం ఈ రంగంలో నేటికీ చదవబడుతోంది.

1983లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రజ్ఞులు, సర్వే నిపుణులు కలిసి ఒక సదస్సు జరిపారు. దాని తరువాత ఈ విషయం శాస్త్రీయమైన అధ్యయనంగా రూపుదిద్దుకొంది. జవాబు చెప్పే వ్యక్తి నాలుగు పనులు చేస్తాడని రోజర్ టూరాంజో 1984లో వివరించాడు. ప్రశ్నను అర్థం చేసుకోవడం, విషయాన్ని గుర్తుకు తెచ్చుకోవడం, దానిని బేరీజు వేయడం, ఇచ్చిన జవాబులలో ఒకదానికి దానిని సరిపెట్టడం అన్నవి ఆ నాలుగు. ఏ మెట్టు దగ్గర తడబాటు వస్తోందో కనిపెట్టడమే పూర్వపరీక్ష లక్ష్యం.

పద్ధతులు

వీటిలో ముఖ్యమైనది అవగాహన ఇంటర్వ్యూ. ఇందులో జవాబుతో పాటు ఆ జవాబు ఎలా వచ్చిందో కూడా అడుగుతారు. ఉదాహరణకు "గత 12 నెలలలో మీరు ఎన్నిసార్లు డాక్టరు దగ్గరికి వెళ్ళారు?" అన్న ప్రశ్న చూడడానికి సరళంగానే ఉంది. ఒకామె "నాలుగుసార్లు" అంటుంది. ఎలా లెక్కించారని అడిగితే చిక్కులు బయటపడతాయి. ఊరిలోని ఆర్.ఎం.పి. డాక్టరును లెక్కలో వేసుకోవాలా? బిడ్డను చూపించడానికి వెళ్ళినది లెక్కకు వస్తుందా? 12 నెలలంటే ఉగాది నుంచా, ఈ రోజు నుంచి వెనక్కా? "నాలుగు" అన్న అంకె నిజంగా లెక్కపెట్టినదా, ఉజ్జాయింపా? ఇటువంటి పది, పదిహేను సంభాషణలతోనే పెద్ద లోపాలు చాలావరకు తెలిసిపోతాయి. ఆ లోపం ఎంతమందిలో ఉందో మాత్రం ఈ పద్ధతి చెప్పలేదు.

క్షేత్ర పూర్వపరీక్షలో సర్వేను చిన్న స్థాయిలో యథాతథంగా జరుపుతారు. ఎంత సమయం పడుతోంది, ఏ ప్రశ్న దగ్గర జనం విసుగుపడుతున్నారు, దేనిని మళ్ళీ అడగవలసి వస్తోంది అన్నవి గమనిస్తారు. రగ్ చేసినట్లు నమూనాను రెండుగా విభజించి రెండు రూపాలను పోల్చడం మరొక పద్ధతి. దీనికి ఎక్కువమంది కావాలి కనుక ఖర్చు కూడా ఎక్కువే.

భారతదేశంలో

ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1937లో బెంగాల్‌లో జనపనార విస్తీర్ణపు అంచనాకు చిన్న ప్రయోగాత్మక సర్వేలతోనే మొదలుపెట్టి, వాటి అనుభవంతో క్రమంగా విస్తరించాడు. జనాభా లెక్కలకు ముందు కూడా పూర్వపరీక్ష జరపడం ఆనవాయితీ.

స్త్రీల పని విషయంలో ప్రశ్న ప్రాముఖ్యం బాగా కనిపిస్తుంది. సొంత పొలంలో కలుపు తీసి, పశువులను చూసుకునే స్త్రీని "పని చేస్తున్నారా" అని అడిగితే, ఆమెగాని ఇంటి యజమాని గాని లేదనే చెప్పడం సాధారణం. కూలికో ఉద్యోగానికో వెళితేనే పని అన్నది వాడుక. 1991 జనాభా లెక్కలలో ఈ ప్రశ్నకు "పొలంలో లేదా కుటుంబ వ్యాపారంలో జీతం లేకుండా చేసే పనితో సహా" అన్న అర్థం వచ్చే మాటలు చేర్చారు.

ఇంతకంటే పెద్ద వివాదం పేదరికపు లెక్కల మీద చెలరేగింది. జాతీయ నమూనా సర్వే సంస్థ చాలాకాలం పాటు కుటుంబ ఖర్చును గత 30 రోజులకు అడిగేది. 1994-98 మధ్య ప్రయోగాత్మకంగా కొన్ని కుటుంబాలను ఆహారపు ఖర్చు గత 7 రోజులకు అడగగా, నమోదైన ఖర్చు పెరిగి పేదల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. ఎవరి కంచంలోనూ మెతుకు పెరగలేదు. 1999-2000 సర్వేలో రెండు కాలాలనూ ఒకే కుటుంబాన్ని పక్కపక్కనే అడిగారు. దానితో ఒక జవాబు రెండవదాన్ని ప్రభావితం చేసి, పాత లెక్కలతో పోలిక కుదరకుండా పోయింది. 1993-94లో 36 శాతంగా ఉన్న పేదరికం 26 శాతానికి తగ్గిందన్న అధికారిక అంచనాపై ఆర్థికవేత్తలు సంవత్సరాల తరబడి వాదించుకున్నారు. ఆంగస్ డీటన్, వాలెరీ కోజెల్ సంపాదకత్వంలో 2005లో ఒక గ్రంథమే వెలువడింది. ప్రయోగాన్ని అసలు సర్వేతో కలపకుండా వేరుగా ఉంచడం ఎందుకవసరమో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు. తరువాతి కాలంలో కూరగాయలు, పండ్లు, మాంసం వంటివాటికి 7 రోజులు, బియ్యం, పప్పుల వంటివాటికి 30 రోజులు, బట్టల వంటివాటికి 365 రోజులు అడిగే పద్ధతి స్థిరపడింది.

తెలుగులో ప్రశ్నావళి

ప్రశ్నావళిని తెలుగులోకి మార్చి, దానిని మరొకరిచేత తిరిగి మూలభాషలోకి అనువదింపజేసి సరిచూడడం ఒక పద్ధతి. కాని అనువాదం సరిగా ఉన్నంత మాత్రాన ప్రశ్న అర్థమవుతుందని చెప్పలేము. గ్రాంథిక పదాలతో నిండిన ప్రశ్నను ఎన్యూమరేటరు గడపలో నిలబడి తన సొంత మాటల్లోకి మార్చి అడుగుతాడు. అప్పుడు ఎంతమంది ఎన్యూమరేటర్లుంటే అన్ని ప్రశ్నలు అయినట్లే.

ప్రాంతాల తేడా కూడా పరిగణించాలి. "ఖరీఫ్, రబీ" అని అచ్చువేసిన చోట గోదావరి జిల్లాల రైతు సార్వా, దాళ్వా అంటాడు. తెలంగాణ రైతు వానాకాలం, యాసంగి అంటాడు. ఎకరాకు ఒకచోట 100 సెంట్లు, మరొకచోట 40 గుంటలు. "మామ" అన్న మాట మేనమామకూ, భార్య లేక భర్త తండ్రికీ కూడా వర్తిస్తుంది. మేనరికపు సంబంధాలలో ఆ ఇద్దరూ ఒకరే కావచ్చు. అన్నిటికంటే చిక్కైనది "కుటుంబం". సర్వేలలో ఒకే వంటతో కలిసి జీవించేవారిని ఒక యూనిట్‌గా లెక్కిస్తారు. కుటుంబంలో ఎంతమంది అని అడిగితే మాత్రం, వేరు కాపురం పెట్టిన కొడుకును, హైదరాబాదులో హాస్టల్లో చదువుతున్న మనుమరాలిని కూడా పెద్దవారు లెక్కలో చేరుస్తారు. "ఈ ఇంట్లో ఒకే పొయ్యి మీద వండుకు తినేవారు ఎంతమంది?" అన్న రూపం దీనికి మెరుగు. అయితే ఒకే ఇంట్లో గ్యాస్ పొయ్యి, కట్టెల పొయ్యి రెండూ ఉన్నచోట ఇది కూడా తడబాటుకు దారితీయవచ్చు. కాబట్టి సవరించిన ప్రశ్నను కూడా మళ్ళీ కొత్త వ్యక్తులను అడిగి పరీక్షిస్తారు.